చిమ్మెట కొట్టిన కండ

జనవరి 11

నొప్పి.

జనవరి 12

నిన్న అంతకంటే రాయలేకపోయాను. పెన్ను పట్టుకుంటే బొటనవేలి దగ్గర మొదలై భుజం దాకా తడిగుడ్డను పిండినట్టు పిండేసింది. ఈరోజు కాస్త నయం. నయంగా ఉన్నప్పుడే తిట్టుకోవాలి. లేనప్పుడు తిట్టడానికి కూడా ఓపిక ఉండదు.

ముందు మడతమ్మ. ఎదురుపడితే "అక్కా" అని నోరారా పిలవాలి. మా ఆయన అన్నగారి భార్య, నాకంటే ముందు ఈ ఇంట్లో కాలు పెట్టిన మనిషి. ఇక్కడ మాత్రం నా ఇష్టం. పొద్దున కట్టుకున్న బట్ట సాయంత్రానికి కూడా ఒక్క మడత నలగదు. ముఖమూ అంతే, ఇప్పుడే ఇస్త్రీ చేసి తగిలించినట్టుంటుంది.

పొద్దున మా లాండ్రీ కొట్లో జనం ఉన్నారు. చొక్కా భుజాలు చేస్తున్నాను. ఇస్త్రీపెట్టె ఎత్తేసరికి మెడ నుంచి వీపు దాకా పట్టేసింది. పెట్టె నిలబెట్టి బల్ల అంచు పట్టుకున్నాను. గల్లా దగ్గర నుంచి అత్తయ్య చూడనే చూసింది.

"ఏమైందే మళ్లీ?"

"ఒళ్లంతా నొప్పులు అత్తయ్యా."

మడతమ్మ తలైనా ఎత్తలేదు. పక్కబల్ల మీద కాలరు తిరగేస్తూ, "నొప్పులా? ఎన్నో నెల?" అంది.

బట్టలు తీసుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. నలభై దాటిన దాన్ని. ఒక నొప్పి ఉంటే ఫరవాలేదట, రెండైతే పురుడేనట! ఈ భాష పెట్టినవాడికి మెడనొప్పి, నడుంనొప్పి ఒకేసారి ఎప్పుడూ వచ్చి ఉండవు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఎవతో. నా మొగుడు కొట్టడు. ఆయన దేనికీ ఏమీ చెయ్యడు. కానీ ఆ ఏడ్చినావిడ తప్పకుండా లాండ్రీ కొట్లోనే పనిచేసి ఉంటుంది. నేను కూడా వెనక గదిలో బాయిలరు చప్పుడు చాటున ఏడ్చాను.

జనవరి 16

జబ్బుకి పేరు దొరికింది. ఇన్నాళ్లూ ఎముకల డాక్టరు నరాల డాక్టరు దగ్గరికి, ఆయన మనసు డాక్టరు దగ్గరికి తోస్తూ వచ్చారు. ఇవాళ పెద్దాసుపత్రిలో కొత్త డాక్టరమ్మ మెడ, భుజాలు, మోచేతులు, మోకాళ్లు అన్నీ నొక్కి చూసి, అడగాల్సినవన్నీ అడిగి, "ఫైబ్రోమయాల్జియా" అంది. నోరు తిరిగేదాకా బస్సులో వల్లె వేసుకుంటూ వచ్చాను. పక్కసీటావిడ జపం అనుకుని కాస్త జరిగి కూర్చుంది.

భోజనాల దగ్గర చెప్పాను.

"ఫైబరా?" అన్నారు బావగారు. "అయితే జాగ్రత్తమ్మా, సింథటిక్ కదా. పెట్టె ఎక్కువ వేడైతే కరిగి అంటుకుపోద్ది."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వి, నా మొహం చూసి ఆపేసి, "పోనీలే" అన్నాడు. నా సంసారంలో ఆయన మాట్లాడిన మాటలన్నీ కలిపి ఇస్త్రీ చేస్తే ఆ ఒక్క మాటే మిగులుతుంది. ఇకమీదట ఈయన పేరు పోనీలే.

ఆ వేడిలోనే అడిగేశాను. బల్ల దగ్గర నాకో కుర్చీ కావాలని. కాలర్లు, చేతులు, చిన్నచిన్నవి కూర్చుని చేస్తానని.

"కూర్చుని ఇస్త్రీ చేసేదాన్ని ఎక్కడన్నా చూశావుటే?" అంది అత్తయ్య. "మీ మామగారు పోయే ముందు రోజు కూడా నిలబడే చేశారు."

మా కొట్లో ఉన్నది ఒకటే కుర్చీ. అది వచ్చిపోయేవాళ్లకి. ఒకసారి కళ్లు తిరిగి దాంట్లో కూర్చుంటే, నేను లేచాక అత్తయ్య గుడ్డ పెట్టి తుడిచింది.

మడతమ్మ నాకు నీళ్లు అందిస్తూ, చాలా మెత్తగా, "ఒళ్లు దాచుకోవడానికి ఎంత పెద్ద పేరు పెట్టారమ్మా!" అంది. అత్తయ్యకి ఆ మాట తెగ నచ్చింది. రెండుసార్లు అనుకుంది.

ఒళ్లు దాచుకోవడమా? ఎక్కడ దాచుకోను, ఏ బీరువాలో? అలాంటి బీరువా ఉంటే దీన్ని అందులో పడేసి తాళం వేసి, నేను హాయిగా వచ్చి పని చేసుకునేదాన్ని.

జనవరి 20

హోటలు దుప్పట్ల రోజు.

దుప్పటి ఒక్కరు మడిచేది కాదు. చెరో రెండు మూలలు పట్టుకుని వెనక్కి జరిగి, బిగించి ఒక్క లాగు లాగాలి, ముడతలు విడిపోవడానికి. తర్వాత ఎదురెదురుగా నడిచి వచ్చి మూలలు చేతిలో పెట్టాలి. మళ్లీ వెనక్కి, మళ్లీ లాగు. పెళ్లయ్యాక నా మొగుడి చేతులు నాకు తగిలినదానికంటే మడతమ్మ చేతులు తగిలిందే ఎక్కువ. మామగారు పెట్టిన పద్ధతి: పెద్దకోడలు గోడ వైపు, చిన్నకోడలు గుమ్మం వైపు. ఇప్పటికీ అదే.

ఆ లాగు ఉంది చూడు, బావిలోంచి బిందె తోడుతున్నట్టు లాగుతుంది. లాగిన ప్రతిసారీ నా భుజంలో ఏదో పోగు తెగినట్టుంటుంది. చాలదని మధ్యలో మూల వదిలేస్తుంది. దుప్పటి నేల మీద పడుతుంది. "జారింది" అంటుంది. వంగి తీయాల్సింది నేను, మళ్లీ తడపాల్సింది నేను. కాలరు మీద వెంట్రుక వాసి ముడత ఉంటే పట్టేసే మనిషికి దుప్పటి మూల జారుతుందా? ఇవాళ కూడా వదిలింది. కావాలనే. ప్రమాణం చేసి చెప్పగలను, కావాలనే.

జనవరి 21

ఇవాళ లేవలేదు.

జనవరి 22

లేచాను. లేవకపోతే ఆవిడ గెలిచినట్టు.

ఫిబ్రవరి 3

డాక్టరమ్మ ఒక పరిశోధన చేస్తోందట. ఈ జబ్బు ఉన్నవాళ్ల కండలో ఏమైనా మార్పు ఉంటుందా అని. భుజం దగ్గర బియ్యపు గింజంత ముక్క తీసి, పలచగా కోసి, రంగులు వేసి యంత్రం కింద చూస్తారు. "ఇది వైద్యం కాదండీ. దీనివల్ల మీకు నొప్పి తగ్గదు. ఇష్టం లేకపోతే మానేయొచ్చు" అని మరీ మరీ చెప్పింది.

ఇష్టమా! ఎక్కడ కోయాలో చూపించి వచ్చాను.

ఇంట్లో చెబితే అత్తయ్య వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "రక్తం బాగుంది, ఎముకలు బాగున్నాయి, గుండె బాగుంది. అన్నీ బాగున్న రోగిష్టిని నిన్నే చూస్తున్నా. సరే, కోయించుకో. కండలో ఏదన్నా ఉందని ఆ డాక్టరమ్మ అంటే, ఏమందో ఉన్నదున్నట్టు నాకొచ్చి చెప్పు. నీకు కల్పించడం చేతకాదు, మొహంలో తెలిసిపోద్ది. ఉంటే నీ బల్ల దగ్గర కుర్చీ నేనే వేయిస్తా. లేదనుకో, ఇక ఈ ఇంట్లో నొప్పి అనే మాట వినపడకూడదు."

సరే అన్నాను. పోనీలే కూడా అక్కడే ఉన్నాడు. ఏమన్నాడో రాయక్కర్లేదు.

జనం ఆసుపత్రికి వెళ్లేముందు ఏమీ ఉండకూడదని మొక్కుకుంటారు. నేను కండ కుళ్లి ఉండాలని మొక్కుకుంటున్నాను. కుళ్లకపోతే కనీసం చివికి ఉండాలి. ఏదో ఒకటి కంటికి కనపడాలి. నాకు ఆరోగ్యం వద్దు, కుర్చీ కావాలి.

ఫిబ్రవరి 6

పోల్చి చూడటానికి నొప్పులేమీ లేని మనిషి ముక్క కూడా కావాలట. ఇంచుమించు ఇదే వయసు, ఇదే పని చేసే ఆడమనిషి అయితే మరీ మంచిదట. ఊరికే మాటవరసకి ఇంట్లో అన్నాను.

"నేనొస్తా" అంది మడతమ్మ.

"నీకెందుకే అనవసరంగా కోయించుకోవడం?" అన్నారు బావగారు.

"మంచి కండ ఎట్లా ఉంటుందో వాళ్లూ చూడాలిగా. రెండూ పక్కపక్కన పెడితే అప్పుడు తెలుస్తుంది, ఎవరు పని చేస్తున్నారో, ఎవరు నాటకమాడుతున్నారో."

పుండు మీద కారం చల్లడానికి సొంత భుజం కోయించుకునే మనిషిని మొదటిసారి చూశాను. ఒక పక్క మంట, ఇంకో పక్క మెచ్చుకోలు.

ఫిబ్రవరి 10

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముక్క తీసేముందు మడతమ్మ నిజంగా ఆరోగ్యంగా ఉందో లేదో పరీక్ష చెయ్యాలన్నారు. నన్ను తెర ఇవతల కూర్చోబెట్టారు. అవతల డాక్టరమ్మ నొక్కుతోంది, నాకు నొక్కినట్టే, ఒక్కోచోట.

"ఇక్కడ నొప్పి ఉందాండీ?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

"భుజం మీద?"

"అబ్బే."

 డాక్టరమ్మ గొంతు బాగా తగ్గించి, "మరి కళ్లలోంచి ఆ నీళ్లేంటండీ?" అంది.

"సబ్బు పొడి పడింది. మాది లాండ్రీ కొట్టు."

"ఇప్పుడా పడింది? ఇక్కడా?"

 డాక్టరమ్మ మెల్లగా ఒక్కొక్కటే అడిగింది. నిద్ర పడుతుందా, పొద్దున్నే ఒళ్లు కర్రలా బిగుసుకుని ఉంటుందా, చేతిలో వస్తువులు జారిపోతాయా, ఎన్నాళ్ల నుంచి. జవాబులు నాకు సరిగా వినపడలేదు, ఒక్కటి తప్ప. "చిన్నది కాపురానికి రాకముందు నుంచే" అంది.

చిన్నదంటే నేను.

బయటికొచ్చేసరికి మొహం ఎప్పటిలాగే ఇస్త్రీ. "పనికిరానట. రక్తం పలచగా ఉందట" అంది. డాక్టరమ్మ మందుల చీటీ ఇస్తే, తలుపు దాటగానే ఉండ చేసి చెత్తడబ్బాలో వేసింది. బస్సులో కిటికీ వైపు చూస్తూ, "ఇంట్లో అనకు" అంది. బతిమాలలేదు. చొక్కాకి గంజి పెట్టొద్దని చెప్పినట్టు చెప్పింది.

రాత్రి భోజనాల దగ్గర అత్తయ్య అడిగింది. "ఏమే, నీ కండ ఎట్లా ఉందట?"

"నాకేం అత్తయ్యా, బండరాయిలా ఉందట. ఇంత గట్టి కండ పోలికకి పనికిరాదన్నారు."

నా ఎదురుగా. నా కళ్లలోకి చూసి. నేను నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని కూర్చున్నాను.

ఫిబ్రవరి 11

జాలి కలగాలి కదా? కలగలేదు. అందరికంటే ముందు నాకు వచ్చిన ఆలోచన ఇది: నా జబ్బులో కూడా ఈవిడకి వాటా కావాలా? వంటిల్లు ఆవిడది, గోడ వైపు ఆవిడది, అత్తయ్య నవ్వు ఆవిడది. నాకంటూ ఉన్నది ఈ ఒక్క నొప్పి. అది కూడా ఆవిడ కట్టి విడిచిన బట్టేనా?

ఫిబ్రవరి 12

దుప్పటి మూలలు వదిలేది కావాలని కాదన్నమాట.

అయినా నేను చేసిన ప్రమాణం వెనక్కి తీసుకోను.

ఫిబ్రవరి 13

అత్తయ్య తెలియక అంది. బావగారు తెలియక నవ్వారు. పోనీలేకి తెలుసుకోవాలనే లేదు. ఈవిడ ఒక్కర్తే తెలిసి అంది. పొద్దున్నే మంచం మీద నుంచి కాలు కింద పెట్టడం ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. నేను బల్ల అంచు ఎందుకు పట్టుకుంటానో తెలుసు. తెలిసి, నలుగురిలో, ఎన్నో నెల అని అడిగింది. ఈ మాట తలుచుకుంటే చేతిలో వేడిపెట్టె ఉండకూడదు అనిపిస్తోంది.

ఫిబ్రవరి 17

ముక్క తీశారు. మెడకీ భుజానికీ మధ్య. తీసేటప్పుడు నొప్పి తెలియకుండా సూది వేశారు. ఆ ఒక్క చోట, ఆ కాసేపు, ఒళ్లు నాది కానంత హాయిగా ఉంది. ఇంకాసేపు ఉంచండని అడగబోయి సిగ్గేసి మానేశాను.

ఫిబ్రవరి 23

చలి తగ్గింది. ఉన్నికోట్లు, శాలువాలు రావడం మొదలైంది. శుభ్రం చేసి, కవర్లలో పెట్టి, వచ్చే చలికాలం దాకా దాచిపెట్టడం మా పని. అంటే చుట్టాల కాలం. ఉన్ని కొట్టే ఆ పురుగు పేరు మా కొట్లో ఎవరూ ఎత్తకూడదు. ఎక్కడైనా చిల్లు కనపడితే, "చుట్టం వచ్చాడు" అనాలి. వెంటనే బావగారు ఆ కోటు పట్టుకుని వెనక గదిలోకి పరిగెడతారు. ఒక్కసారి ఆ పేరు బయట వినపడితే ఆ కొట్టు ముఖం ఇంకెవరూ చూడరని మామగారు చెప్పేవారట. రోగాలున్న ఇంటికి సంబంధం రానట్టే.

మడతమ్మ, నేను మాట్లాడుకోవడం లేదు. ఎవరూ గమనించలేదు. అంతకుముందు మాట్లాడుకునేది కూడా తిట్టుకోవడానికే కదా.

మార్చి 4

ఉంది!! ఉంది, ఉంది, ఉంది.

డాక్టరమ్మ తెర మీద బొమ్మ చూపించింది. అడ్డంగా కోసిన దారపు కట్టలాగా ఉంది నా కండ. ఒక్కో పోగు గుండ్రంగా, రంగు పట్టి ఉంది. కొన్ని పోగుల్లో మాత్రం మధ్యమధ్య రంగు పట్టకుండా తెల్లగా, కొరికి వదిలేసినట్టు. "వీటిని చిమ్మెట కొట్టిన పోగులంటామండీ" అంది. నాకు నవ్వాగలేదు. ఊళ్లోవాళ్లు మా కొట్టుకి తెచ్చే ఉన్నికోట్లలో వెతుకుతాం మేం దాన్ని. నా భుజంలోనే ఉంది!

సన్నటి రక్తనాళాలు కూడా కాస్త తక్కువగా కనిపిస్తున్నాయంది. ఇంకా చాలా చెప్పింది. చిమ్మెటలు నిజంగా ఉండవట, చూడటానికలా ఉంటాయని ఆ పేరట. నొప్పులేమీ లేనివాళ్లలోనూ ఇలాంటివి ఒకటీ అరా కనపడతాయట. ఈ జబ్బు ఉన్నా కొంతమందిలో ఏమీ కనపడదట, వాళ్ల నొప్పి కూడా అంతే నిజమట. "కాబట్టి మీ నొప్పికి ఇదే కారణమని నేను చెప్పలేను" అంది. మంచి మనిషి. కానీ తలుపు దగ్గరికి వచ్చాక ఇన్ని "ట"లు ఎవరు వింటారు?

బస్సు దిగి కొట్టుకి పరిగెత్తాను. నేను, పరుగు! మెట్లెక్కుతుంటేనే అత్తయ్య గల్లా దగ్గర నుంచి, "ఏమందే?" అంది.

"చిమ్మెట!" అన్నాను. "చిమ్మెట కొట్టిందట అత్తయ్యా! నిండా చిమ్మెటే!"

అప్పుడు చూశాను, కుర్చీలో కోటు పెద్దాయన ఉన్నారు. ఏటా చలికాలం పోగానే ఇంటిల్లిపాదీ ఉన్నిబట్టలు తెచ్చే మనిషి. వెనక ఇంకా జనం. ఆయన నెమ్మదిగా లేచి నిలబడ్డారు.

"ఎక్కడ కొట్టిందమ్మా?"

"నాకండీ. నాకు. కండలో."

ఎవరు వింటారు? ఆయన తన కోట్లన్నీ ఒడిసిపట్టుకున్నారు. వెనకున్నావిడ శాలువా దులిపి చూసుకుంటూ గుమ్మం దాటింది. బావగారు చెప్పులైనా లేకుండా, "అది కాదండీ, మా మరదలికండీ, జబ్బండీ" అంటూ వీధిలోకి పరిగెత్తారు. జబ్బు అనేసరికి మిగిలినవాళ్లు కూడా వెళ్లిపోయారు.

కుర్చీ ఖాళీ అయింది. వెళ్లి కూర్చున్నాను. చాలా మెత్తగా ఉంది. లేవమని ఎవరూ అనలేదు.

మార్చి 5

తీర్పు.

"అంతా చెప్పు" అంది అత్తయ్య. అంతా చెప్పాను, చివర డాక్టరమ్మ అన్నదానితో సహా. అదే నా బుద్ధితక్కువ.

"కారణమని చెప్పలేనందిగా? అంటే లేదనేగా! లేనిదానికి కొట్టు మీద దెబ్బ కొట్టావు." తర్వాత మామూలు గొంతుతో, "రేపట్నుంచి నువ్వు ఇంట్లో ఉండు. నీ బల్ల కూడా పెద్దదే చూస్తుంది. దానికేం, బండరాయి" అంది.

నేను ఆవిడ వైపు చూశాను. నుదుటి మీద ఒక ముడత. ఇన్నేళ్లలో మొదటిసారి. రెండు బల్లలు! అప్పుడు నాకు కలిగిన ఆనందం ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పుకోలేను. ఒక్కమాట అంటుందేమో అని చూశాను. "నాకూ ఉంది" అని. లేకపోతే "దానికి నిజంగానే నొప్పి" అని. ఏదైనా సరే.

"సరే అత్తయ్యా" అంది.

మార్చి 6

ఇంట్లో కుర్చీలు బోలెడు ఉన్నాయి. అన్నిట్లోనూ కూర్చుని చూశాను. ఇవి కావు నేనడిగినవి. పని దగ్గర, పనిచేసే మనిషిగా కూర్చోవాలని అడిగాను. ఇది పాత దుప్పటిని మడిచి అటక మీద పెట్టడం.

పోనీలే కాఫీ తెచ్చి ఇచ్చాడు. "పోనీలే, విశ్రాంతి దొరికింది" అన్నాడు. కప్పు విసరాలనిపించింది. భుజం సహకరించక మానేశాను.

మార్చి 8

మధ్యాహ్నం మడతమ్మ వచ్చింది. వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. గుమ్మం పట్టుకోవడం నేను చూశానని తెలిసి వదిలేసింది.

"అత్తయ్య కాళ్లు పట్టుకుని కొట్టుకి రా."

"నువ్వు చెప్పు, నీకూ ఉందని. అప్పుడు వస్తా."

"చెప్తే? ఒకరికుంటే జబ్బంటారు. ఇద్దరికుంటే కూడబలుక్కున్నారంటారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుద్ది."

"అయితే రెండు బల్లలూ చేసుకో."

"చచ్చిపోతానే!"

"చావు" అన్నాను.

అనగానే మనసుకి ఎంత తేలిగ్గా అనిపించిందో! ఆవిడ వెళ్లిపోయాక చాలాసేపు అదే మాట గుర్తుచేసుకుని కూర్చున్నాను. తర్వాత తేలిక పోయింది. మాట మాత్రం పోలేదు.

మార్చి 11

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

దుప్పట్ల రోజు కదా, నన్ను పిలిపించారు. బావగారికి మడవడం రాదు, పోనీలేకి బండి తోలడం తప్ప ఏదీ రాదు. ఇద్దరు కావాలి. గోడ వైపు ఆవిడ, గుమ్మం వైపు నేను. అత్తయ్య తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. దారి పొడుగునా నేను ఒకటే అనుకుంటూ వచ్చాను: లాగుతాను. ఆవిడ నోట్లోంచి కేక వచ్చేదాకా లాగుతాను. ఆ కేక అత్తయ్య వినాలి.

మొదటి దుప్పటి. మూలలు పట్టుకున్నాం. వెనక్కి జరిగాం. నేను కాళ్లు ఊనుకుని లాగాను.

ఆవిడ తూలి ముందుకి వచ్చింది. కేక రాలేదు. నా మొహంలోకి చూసింది. ఎందుకు లాగానో అర్థమైపోయింది. అర్థమైన మరుక్షణం ఆవిడ లాగింది.

నా భుజంలో, ముక్క తీసిన చోట, నిప్పు పెట్టినట్టయింది. నేనూ అరవలేదు. మళ్లీ లాగాను. ఆవిడ లాగింది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, ఇద్దరికీ. పెదాలు బిగించుకున్నాం, ఇద్దరం. ఈవిడ అరిస్తే నేను గెలుస్తాను, నేను అరిస్తే ఈవిడ గెలుస్తుంది. ఇంకేమీ గుర్తులేదు. దుప్పటి నడిమధ్య బర్రున చిరిగి, ఇద్దరం చెరోవైపు పడ్డాం.

"చూశావురా!" అని బావగారిని కేకేసింది అత్తయ్య. "నొప్పులట, కండలో పురుగులట! హోటలు దుప్పటి నిలువునా చింపారు! ఇంత బలం పెట్టుకుని ఇన్నాళ్లూ ఎంత ఏడిపించింది నన్ను! కుర్చీ లేదు గిర్చీ లేదు, రేపు పొద్దున బల్ల దగ్గర నిలబడు."

అలా పోయింది నా కుర్చీ. నా నొప్పి నిజమని చూపించబోయి, అబద్ధమని నా చేతులతో నేనే చూపించాను. అత్తయ్య సూదీ దారం మా మధ్యకి విసిరింది.

"ముందు ఇది కుట్టండి. సన్నగా, హోటలువాళ్లకి తెలియకుండా. అయ్యేదాకా అక్కణ్ణుంచి లేవడానికి వీల్లేదు."

వెనక గదిలో, బాయిలరు పక్కన వెచ్చగా ఉండే గోడకి వీపు ఆనించి కూర్చున్నాం. ఒకే దుప్పటి ఇద్దరి ఒళ్లోనూ. ఆవిడ ఆ చివర నుంచి, నేను ఈ చివర నుంచి. సూదిలో దారం ఎక్కించడానికి ఆవిడ చాలాసార్లు ప్రయత్నించింది.  నేను లాక్కుని ఎక్కించి ఇచ్చాను. థాంక్సు చెప్పలేదు.

"తెలిసి ఎందుకన్నావు నాటకమని?" అన్నాను.

కుడుతూనే ఉంది. 

"ముందొచ్చింది నేను" అంది. "నొప్పి ముందు నాకొచ్చింది. పెద్దదాన్ని, నోరు మూసుకుని ఓర్చుకుంటున్నా. నిన్నగాక మొన్న వచ్చి నువ్వు అరుస్తావా? ఓర్చుకోవాల్సిన పనే లేదని తేలిపోతే, ఇన్నేళ్లూ నేను ఓర్చుకున్నదంతా ఏం కావాలి?"

నాకు ఒళ్లు మండింది. మెత్తబడతాననుకుందేమో. మెత్తబడలేదు. ఆవిడ ఏళ్లకి ఏళ్లు దాచుకున్నదాని ఖర్చంతా నా చేత పెట్టించింది, అది ఎప్పటికీ మర్చిపోను.

"చాలా నొప్పిగా ఉందా?" అని మాత్రం అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"చాలా" అంది. "నీకు?"

"చాలా."

 చిరుగు మధ్యకి వచ్చేశాం. ఇంకో నాలుగు కుట్లు వేస్తే అయిపోతుంది. అత్తయ్య ముందు గదిలోంచి కేకేసింది.

"ఏమే, అయిందా?"

"ఇంకా లేదత్తయ్యా" అంది మడతమ్మ, ఎప్పటి గొంతుతోనే. చెబుతూనే సూది మొనతో తను వేసిన చివరి కుట్టు పైకి లేపి, దారం లాగేసింది. తర్వాత దాని పక్కది. తర్వాత దాని పక్కది. నా వైపు చూడలేదు.

ఆవిడంటే నాకు గిట్టదు. ఇవాళ కూడా గిట్టదు. నా వైపు కుట్లు విప్పడం మొదలుపెట్టాను.